నిచ్చెన చేసిన సినిమాల పట్టిక

షూటింగుల్లో అందరూ అతన్ని నిచ్చెన అంటారు. పొడుగ్గా ఉంటాడని కాదు, ముప్పై ఏళ్లుగా నిచ్చెన మీదే బతికాడని. లైట్‌మాన్ పని. మోయలేనంత లైటు భుజానేసుకుని సెట్టు పైనున్న పలకల మీదికెక్కి, చెప్పిన చోట బిగించి, ఆ వేడి పక్కనే కూర్చోవాలి. ఇప్పుడు మోకాళ్లు మొండికేశాయి. పోయిన నెల సగం ఎక్కాక కాలు పట్టేసింది. పైకీ పోలేక, కిందికీ రాలేక వేలాడుతుంటే షాటు ఆగిపోయి, హీరోగారు కుర్చీలోంచి తలెత్తి చూశారు. ఒక హీరో అతని వంక చూడటం అదే మొదలు.

యూనియన్లో గ్రౌండ్ కార్డని ఒకటుంది. అది చేతికొస్తే ఇక ఎక్కక్కర్లేదు, కింద స్విచ్చుల పెట్టె దగ్గర నిలబడొచ్చు. రాకపోతే ఎక్కాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. కార్డు కావాలంటే చేసిన సినిమాల్లో పాతికైనా, పేరూ సాక్ష్యమూ ఫారంలో రాసిమ్మన్నాడు యూనియన్ గుమాస్తా. చిక్కంతా అక్కడే వచ్చింది.

లైట్ల వాళ్లకి సినిమా పేరు ఎవడు చెప్తాడు? పొద్దున్నే ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేసి స్టూడియోలో ఫలానా ఫ్లోరుకి రమ్మంటాడు. సినిమాకి పేరు పెట్టేనాటికి వీళ్లు ఇంకో ఫ్లోర్లో ఉంటారు. అందుకని పిలిచిన మేనేజరు పేరే వీళ్లకి సినిమా పేరు. నిచ్చెన కూడా అలాగే రాసిచ్చాడు. గుండు మేనేజరుది, దగ్గు మేనేజరుది, దగ్గు మేనేజరుదే రెండోది, నడుంనొప్పి మేనేజరుది.

గుమాస్తా ఆ కాగితం రెండు వేళ్లతో పట్టుకుని చదివాడు. "ఇవి సినిమాలా బాబాయ్, ఆస్పత్రి చీటీనా?" అని వెనక్కి తోశాడు.

నిచ్చెన కూతురు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పని చేస్తుంది. సాయంత్రం పని నుంచి రాగానే నాన్న పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. వాన సినిమా ఒకటి చేశానన్నాడు. అందులో హీరో ఎవరంది.

"నాకేం తెలుసమ్మా, పైనుంచి నడినెత్తి తప్ప ఏం కనపడదు. అప్పటికే బట్టతల మొదలైంది ఆయనకి."

"బట్టతల అని కొడితే ఫోన్లో సినిమా వస్తుందా నాన్నా?"

అలా మూడు రోజులు నడిచింది. వాన సినిమా, రాజుల సినిమా, సగంలో ఆగిపోయిన ఓడ సినిమా. నాలుగేళ్లపాటు ఒకే కిటికీకి లైటుతో ఎండ కొట్టిన కోర్టు సీరియలు. దోమల గురించి ప్రభుత్వం వాళ్లు తీసినది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే పళ్లెం తోమిన సబ్బు ప్రకటన. అన్నీ చేశాడు, ఒక్కదాని పేరూ తెలీదు. సినిమా చివర పేర్లు వేసేటప్పుడు వీళ్ల పేర్లు ఎవరూ వెయ్యరు.

నాలుగో రోజు కూతురు విసిగిపోయి ఏదో రాజుల సినిమా పెట్టింది. అతను ఉన్నట్టుండి ఆపమన్నాడు. సింహాసనం పక్కన రాజుగారికి రెండు నీడలున్నాయి. రెండోది తన లైటుదే, అడ్డం పెట్టాల్సిన అట్ట జారిపోయింది ఆ రోజు. అంతే, దారి దొరికింది. కూతురు ఒక్కో సినిమా పెడుతుంటే, తనకి గుర్తున్న తప్పు ఎక్కడ కనపడితే అది తనది. వానలో ఎండ పడ్డది తనది. పడగ్గదిలో మంచం వెనక వైరు తనది. దోమల సినిమాలో డాక్టరు కళ్లద్దాల్లో మెరిసిన దీపం తనది. ఆ గుర్తులతో ఇరవై నాలుగు తేలాయి. కూతురు సంబరపడింది గానీ అతనికి ఒళ్లు మండింది. పని సరిగ్గా చేసిన చోట లైటు కనపడదు కదా మరి, వాటికి గుర్తెక్కడ తెచ్చేది?

పట్టిక చూసి గుమాస్తా తల పట్టుకున్నాడు. పేర్లున్నాయి, పాతికకి ఒకటే తక్కువ, బాగుంది. సాక్ష్యం అన్న గడిలో ఉన్నదంతా తప్పులే. యూనియన్ కమిటీ ఇది చూస్తే కార్డు సంగతి దేవుడెరుగు, ఉన్న పని కూడా ఊడగొడుతుందన్నాడు.

నిచ్చెన అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తప్పు లేనిది చెప్తే సాక్ష్యం లేదంటారు. తప్పు చూపిస్తే పని రాదంటారు. ఏం చెయ్యమంటారు సార్, పైనుంచి పడి చూపించమంటారా?"

తప్పు లేనిది ఒక్కటైనా చెప్పమన్నాడు గుమాస్తా. చీకటి గది, ముసలామె, చేతిలో ఉత్తరం అన్నాడు నిచ్చెన. గుమాస్తా మొహం మారిపోయింది. ఆ సినిమా తొమ్మిదిసార్లు చూశాడట. వెంటనే ఫోన్లో పెట్టాడు.

నిచ్చెన తెర వైపు చూడకుండానే చెప్పుకుపోయాడు. ఇప్పుడు ఆవిడ తలెత్తుతుంది. కంట్లో చుక్కంత వెలుగు పడుతుంది. అది ఆ రోజు కింద నిలబడి తను పట్టుకున్న తెల్ల అట్ట మీంచి వచ్చింది. ఇక కాస్త వణుకుతుంది చూడండి అన్నాడు. వెలుగు వణికింది.

"అది కన్నీళ్లు కాదా?" అన్నాడు గుమాస్తా.

"కాదు సార్, నా చెయ్యి. పదకొండోసారి తీస్తున్నారు, భుజం లాగేసింది."

"నేను తొమ్మిదిసార్లూ అక్కడే ఏడ్చాను బాబాయ్. నీ భుజంనొప్పికా?"

"ఏమో సార్. నేను ఆవిడని చూళ్లేదు, అట్టని చూసుకున్నాను."

గుమాస్తా ఫోన్ పక్కన పెట్టి, ఆ సినిమా పేరు తనే రాశాడు. సాక్ష్యం గడి దగ్గర కలం ఆగింది. వేరే ఏం రాయాలో తెలీక, చెయ్యి వణికింది అని రాసి, ముద్ర కొట్టాడు. కమిటీకి తను చెప్పుకుంటానన్నాడు.

పైనున్న ఇరవై నాలుగూ కొట్టేసి ఈ ఒక్కటీ ఉంచరాదా అని నిచ్చెన బతిమాలాడు. కొట్టివేతలుంటే ఫారం చెల్లదట. అలా కార్డు వచ్చింది, మోకాళ్లు బతికాయి. కానీ ముప్పై ఏళ్ల పనితనానికి యూనియన్ బీరువాలో ఉన్న ఒకే ఒక్క కాగితం ఆ తప్పుల పట్టికే. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా స్విచ్చుల పెట్టె దగ్గర నిలబడి తనలో తనే తిట్టుకుంటాడు.