రెడ్డిగూడెం వాళ్లు చూసిన సినిమా

మొన్న నూజివీడు లైబ్రరీలో నా పరువు పోయిందన్న కబురు మీదాకా వచ్చే ఉంటుంది. ఆ కబురు మా బావగారు ఊరంతా మోశారు. గంట తిరక్కుండానే ఆ పరువు తిరిగొచ్చిందన్న సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పినట్టు లేరు. అందుకని నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

ఈ వేసవిలో మా తోట పక్క ఖాళీ చేలో టూరింగ్ టాకీసు వేశారు కదా. స్థలం మాదే కాబట్టి ఇంటిల్లిపాదికీ పాసులిచ్చారు. మొదటి వారం వచ్చింది పిల్లల సినిమా. అద్దాల గుర్రమెక్కి ఏడు కొండలవతలకి వెళ్లి, ఊరికి వాన తెచ్చే కుర్రాడి కథ. నా చిన్నప్పుడు మా నాన్నగారు బెజవాడ నుంచి తెచ్చిచ్చిన బొమ్మల పుస్తకంలోది. ఆ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చదివినదాన్ని, సినిమాగా వచ్చిందంటే ఆగుతానా? మొదటి రోజే అత్తయ్యని వెంటబెట్టుకుని వెళ్లి, చాప పరుచుకుని కూర్చున్నాను.

తర్వాత రావాల్సిన సినిమా రీళ్ల పెట్టె బెజవాడలోనే ఆగిపోయింది. దాంతో వేసిన సినిమానే మళ్లీ మళ్లీ వేశారు. ఊళ్లో వేరే కాలక్షేపం ఏముంది? మామిడికాయ కోతలయ్యాక అందరూ స్నానాలు చేసి మొదటి ఆటకి వచ్చేసేవాళ్లు. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టడం మానేశాను. మాటలన్నీ నోటికొచ్చేశాయి. అత్తయ్యకైతే పాటలు కూడా వచ్చేశాయి. పాట మొదలవకముందే ఆవిడ ఎత్తుకునేవారు, వెనక వాళ్లు ఆవిడతో కలిసి పాడేవాళ్లు.

ఆ సినిమాలో మమ్మల్ని కట్టి పడేసింది చివర్లో వచ్చే ఘట్టం. కుర్రాడు మొదట్నుంచీ బొద్దుగా, బుగ్గలేసుకుని ఉంటాడు. కొండలన్నీ దాటి ఇంటికి తిరిగొచ్చేసరికి ఎండిపోయి, ముఖం నల్లబడి, పోల్చుకోలేనట్టుంటాడు. ఇంటి దగ్గర అవ్వ కూడా అంతే. మొదట్లో నిండుగా ఉన్న మనిషి మనవడి మీద బెంగతో పుల్లలా అయిపోతుంది. పెంకుటిల్లు కాస్తా పూరిల్లయిపోతుంది. తెల్లకుక్క నల్లకుక్క అవుతుంది. కుర్రాడు గుమ్మంలో నిలబడితే అవ్వ అతని వంక చూసి, "ఎవరు నాయనా?" అంటుంది. అంతే. ఆ వెంటనే వాళ్లు మళ్లీ మునుపటిలా బొద్దుగా, నవ్వుతూ పెంకుటింట్లో కూర్చుని అన్నం తింటూ ఉంటారు. అత్తయ్య ప్రతిసారీ అక్కడ ఏడ్చేవారు. పక్కన పట్టుచీర కట్టుకుని విసనకర్రతో విసిరే అమ్మాయి ఎవరో మాత్రం మాకు బోధపడలేదు. పక్కింటి పిల్లయి ఉంటుందని అనుకున్నాం.

ఇలా ఉండగా నూజివీడు లైబ్రరీ వాళ్లు వార్షికోత్సవానికి ఆడవాళ్లకి ఉపన్యాస పోటీ పెట్టారు. ఆ పిల్లల పుస్తకం మీద రెండు సినిమాలొచ్చాయట. ఒకటి పాతది, ఒకటి మా ఊళ్లో ఆడిన కొత్తది. ఏది పుస్తకానికి దగ్గరగా ఉందో చెప్పాలి. ఈ మాట మా ఆయన బజార్లో విని వచ్చి, నా పేరిచ్చేశానని చెప్పారు. పాత సినిమా నేను చూడలేదు కదా అంటే, కొత్తదాని గురించి నీకు తెలిసినంత తీసినవాడికి కూడా తెలీదు, నువ్వు మాట్లాడితే చాలన్నారు. అత్తయ్య ఈలోగా వీధి వీధంతా చాటేశారు. పోటీ రోజున కాయలు తోలే లారీ మా ఊరివాళ్లతో నిండిపోయింది. టాకీసు ఓనరు గారు కూడా తెల్లచొక్కా వేసుకుని ఎక్కారు. తన సినిమా గురించి నూజివీడులో ఉపన్యాసమంటే ఆయనకి పెళ్లివారి హోదా వచ్చినట్టుంది.

జడ్జి గారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ముందు బల్ల మీద ఆ బొమ్మల పుస్తకం పెట్టారు. నాతో పోటీకి దిగింది ప్లీడరు గారి భార్య సరోజినీ గారు. ఆవిడ రెండు సినిమాలూ బెజవాడ హాళ్లలో చూసొచ్చారు. మంచి మనిషే గానీ, మాట్లాడుతుంటే మనం తప్పు చేశామేమో అనిపించే గొంతు.

ముందు నన్ను పిలిచారు. మైకు ముందుకెళ్లి, మా ఊరివాళ్ల ముఖాలు చూసి ధైర్యం తెచ్చుకున్నాను. కుర్రాడు చిక్కిపోవడం గురించి చెప్పాను. అవ్వ చిక్కిపోవడం గురించి చెప్పాను. ఆ ఒక్క ఘట్టం కోసం డైరెక్టరు ఇద్దర్నీ పస్తులుంచి ఉంటాడన్నాను. పెంకుటిల్లు పూరిల్లవడం దరిద్రానికి గుర్తన్నాను. నోరు ఊరుకోక, కుక్క రంగు మారడం శోకానికి గుర్తని కూడా అన్నాను. మా ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు. నూజివీడు వాళ్లు కొట్టలేదు. ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకుంటున్నారు. నా ఉపన్యాసానికి నిశ్చేష్టులయ్యారనుకుని కూర్చున్నాను.

సరోజినీ గారు లేచి, చాలా మర్యాదగా, తాను చూసిన కొత్త సినిమాలో కుక్క మొదట్నుంచి చివరిదాకా తెల్లదేనండీ అన్నారు. కుర్రాడెక్కడా చిక్కలేదట. ఏనుగెక్కి, రాజుగారి అమ్మాయిని వెంటబెట్టుకుని ఇంటికొస్తాడట. అవ్వ దూరం నుంచే గుర్తుపట్టి ఎదురెళ్లి హారతిస్తుందట. ఇక చిక్కిన కుర్రాడు, చిక్కిన అవ్వ, పూరిల్లు, నల్లకుక్క, అవన్నీ పాత సినిమాలోవట. అందులో అవ్వ మనవడి కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకుంటుందట. కనపడక "ఎవరు నాయనా" అంటుందట. ఆ తర్వాత దేవుడు ప్రత్యక్షమై పోయిన చూపు తెప్పిస్తాడట.

"మరి సుభద్ర గారు ఈ రెండిట్లో ఏ సినిమా చూశారో నాకు తెలియడం లేదు," అని ఆవిడ కూర్చున్నారు.

హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ టాకీసు ఓనరు ఇక్కడెక్కడైనా ఉన్నాడా అని అడిగారు. ఓనరు గారు అప్పటికే తలుపు దాకా వెళ్లిపోయారు. మా ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. ఆయన గొంతు సవరించుకుని, పెట్టెలో ఒక రీలు పాత సినిమాది వచ్చిందండీ అన్నారు. బెజవాడలో రెండు సినిమాలూ ఒకే కంపెనీవాళ్ల దగ్గరున్నాయి, అక్కడ కలిసిపోయింది, కథ ఒకటే కదా అని వేసేశామన్నారు.

"ఊళ్లో ఎవరూ అడగలేదండీ. అడక్కపోగా ఏడ్చారు," అన్నారు.

ఆ నవ్వు మీరు వినాల్సింది. కిటికీల్లో నిలబడ్డవాళ్లు కూడా కడుపులు పట్టుకున్నారు. నేను పస్తులుంచిన నటులు, శోకంతో నల్లబడ్డ కుక్క, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి నాకు చెవులు వేడెక్కిపోయాయి. మా ఊరివాళ్లు తలలు దించుకున్నారు. మా బావగారు లారీ కోసం కూడా ఆగకుండా బస్సెక్కి ఊరికెళ్లిపోయారు. అందుకే ఆయనకి తర్వాత జరిగింది తెలీదు.

అత్తయ్య మాత్రం నా భుజం తట్టి, ఎవరెన్నన్నా అవ్వ మనవణ్ణి పోల్చుకోలేకపోవడమే న్యాయంగా ఉంది, ఏనుగేంటి, హారతేంటి అని గొణిగారు. ఆ మాటతో నాకు పుస్తకం గుర్తొచ్చింది. చిన్నప్పుడు చదివిన ఆ పేజీ బొమ్మతో సహా కళ్ల ముందుకొచ్చింది. నేను లేచి, ఇంకొక్క మాట చెప్పనివ్వమని హెడ్మాస్టరు గారిని అడిగాను. ఆయన నవ్వాపుకుంటూ తలూపారు. బల్ల మీద పుస్తకం తీసుకుని, చివరి పేజీ దగ్గర తెరిచి పైకి చదివాను. కుర్రాడు వాన తెచ్చాడు. ఏనుగు లేదు, రాజుగారి అమ్మాయీ లేదు. తిండీ నిద్రా లేక ఎండిపోయి ఇంటి ముందు నిలబడ్డాడు. అవ్వకి కళ్లు బాగానే ఉన్నాయి, అయినా పోల్చుకోలేదు. ఎవరి పిల్లాడివి నాయనా, లోపలికొచ్చి అన్నం తిను అంది. తింటుంటే చూసి పోల్చుకుంది. దేవుడెక్కడా రాలేదు.

పుస్తకం మూసి సరోజినీ గారి వైపు తిరిగాను.

"పాత సినిమాలో అవ్వకి కళ్లు పోయాయి. కొత్త సినిమాలో కుర్రాడు ఏనుగెక్కాడు. కళ్లుండీ పోల్చుకోలేని అవ్వ, అన్నం పెట్టే అవ్వ ఒక్క మా రెడ్డిగూడెంలోనే ఆడిందండీ," అన్నాను.

ఇంతకుముందు నవ్వినవాళ్లే ఈసారి చప్పట్లు కొట్టారు. సరోజినీ గారు పుస్తకం అడిగి తీసుకుని ఆ పేజీ తనూ చదువుకున్నారు. చదివి, తల పైకెత్తి, నిజమేనండీ అన్నారు. ఆ గొంతులో ఆ మాట వినడం ప్రైజు కన్నా ఎక్కువ. హెడ్మాస్టరు గారు కూడా తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. తాము పోటీ పెట్టింది రెండు సినిమాల మీదే అయినా, మూడోది ఉందని ఇప్పుడే తెలిసింది, పుస్తకానికి దగ్గరగా ఉన్నది అదేనని చెప్పి మొదటి బహుమతి నా చేతిలో పెట్టారు. లారీలో తిరిగొచ్చేటప్పుడు ఊరు చేరేదాకా అత్తయ్య ఆ సినిమా పాటలు పాడుతూనే ఉన్నారంటే నమ్మండి. ఓనరు గారు డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చున్నారు. ఆ రీలు తానే ఏరి తెచ్చినట్టుంది ఆయన వాలకం.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఆ మర్నాడు ఓనరు గారు ఇంటికొచ్చారు. బెజవాడలో ఆగిపోయిన ఆ సినిమా వచ్చింది, అందులో ఒక రీలు తక్కువుంది, రీళ్ల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదమ్మా, ఇంటర్వెల్లో మైకు పట్టుకుని మధ్య కథ నాలుగు ముక్కలు చెప్పండని బతిమాలారు. ఫస్టు ప్రైజు తీసుకున్నదాన్ని, వెనక్కి తగ్గుతానా? నిన్న సాయంత్రం మొదటి ఆటలో ముందుకెళ్లి నిలబడ్డాను. రాకుమారుడికీ మాంత్రికుడికీ యుద్ధం పెట్టాను. మాంత్రికుణ్ణి కొండ మీంచి తోసి చంపేశాను. ఊరంతా ఈలలు వేసింది.

ఆ రీలు ఎక్కడికీ పోలేదటండీ. పెట్టె అడుగున ఉంటే ఆపరేటరు అప్పుడే చూసి తగిలించాడు. లైట్లు తీసేయగానే నేను చంపిన మాంత్రికుడు మీసం దువ్వుకుంటూ గుర్రం మీద వచ్చేశాడు. టెంటులో తలలన్నీ నా వైపు తిరిగాయి. అత్తయ్య కూడా తిరిగారు.

నేను చాప మీంచి లేవకుండానే, "అది ఆత్మ," అని చెప్పాను.