చివరివాడికి రాకెట్టు

డ్రైవింగు పరీక్షలు పెట్టే ఆ మనిషిని వెనకాల అందరూ చిత్రగుప్తుడనేవారు. ముఖాన అనే ధైర్యం ఎవరికీ లేదు. పక్క సీట్లో కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని, ఊపిరి చప్పుడు కూడా వినపడనీయకుండా చూస్తుండేవాడు. చక్రం గీత తాకిందా, దారి పక్కన నిలబెట్టిన ప్లాస్టిక్ కోను పడిందా, అంతే సంగతులు. బతిమాలినా, కళ్లనీళ్లు పెట్టుకున్నా, పైవాళ్ల చేత ఫోను చేయించినా ఆయన నోట ఒకటే మాట: "మళ్లీ నేర్చుకుని రండి." రేపు రోడ్డు మీద ఉండేది కోన్లు కాదండీ, మనుషులు అనేవాడు. కాదనడానికి మనమెవరం?

కానీ ఆ న్యాయం కాస్తా ఇంటి మీదికొచ్చింది. సొంత బావమరిదినే రెండుసార్లు ఫెయిల్ చేశాడు మహానుభావుడు! ఆ ఆఫీసులో పరీక్ష పెట్టేది ఈయనొక్కడే, తప్పించుకునే దారి లేదు. బావమరిది బ్రెడ్డు ఫ్యాక్టరీలో వ్యాన్లకు సరుకెక్కిస్తాడు. లైసెన్సు వస్తే ఒక వ్యాను అతనికే అప్పజెబుతామన్నారు. చెయ్యి తిరిగినవాడే, కానీ పక్కన బావ కూర్చుంటే చాలు, కాళ్లూ చేతులూ ఆడవు. రెండోసారి తప్పాక అక్క ఇంటికి రావడం మానేశాడు. ఫోన్లో 'బావా' పోయి 'బావగారూ' వచ్చింది.

"మూడో పరీక్ష వచ్చే వారమట," అంది భార్య. "పాస్ చెయ్యమని నేనడగను, అడిగినా మీరు చెయ్యరు. కానీ ఈసారీ తప్పితే వాడిక ఈ గడప తొక్కడు. నాకున్నది ఒక్కడే తమ్ముడు. అది మాత్రం గుర్తుపెట్టుకోండి."



ఆయన అత్తగారు కూతురి దగ్గర, వీళ్లింట్లోనే ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారం నాడు "టీవీ తీగ ఊడిందిరా, వచ్చి పెట్టి వెళ్లు," అని కొడుక్కి ఫోను చేసింది. తల్లి మాట తీసెయ్యలేక వచ్చాడు పాపం. తీగా లేదు, పాడూ లేదు. కొడుకు, అల్లుడు ఇద్దరి చేతుల్లోనూ తలో రిమోటు లాంటిది కుక్కి, "కూర్చోండి, వీడియో గేము, కారు పందెం," అందావిడ.

ఆయన చేతిలోదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎప్పుడు చూసినా పేపరు వెనకాల దాక్కునే అత్తగారు, తాను ఆఫీసుకు వెళ్లగానే చేసే ఘనకార్యం ఇదా!

తెర మీద బుడ్డికార్లు, మబ్బుల మీద రోడ్డు. పందెం మొదలవగానే అందరూ దూసుకుపోయారు. ఈయన వెనక చూసే అద్దం ఎక్కడుందా అని వెతికాడు. కాస్త దూరం పోయాక బాతులు వరసగా రోడ్డు దాటుతూ కనిపిస్తే బ్రేకు వేసి ఆగిపోయాడు.

"అల్లుడుగారూ, అవి బొమ్మ బాతులండీ!"

"బొమ్మవైతే మాత్రం? దాటనివ్వండి."

దాటాయి. అప్పటికి ఈయన అందరికంటే చివర. అంతలో దారిలో ఉన్న పెట్టె ఒకటి పగిలి, అందులోంచి రాకెట్టొచ్చి, ఈయన కారును ఎత్తుకెళ్లి అందరి నెత్తుల మీదుగా గీత దాటించేసింది. ఫస్టు!

"ఇదేం అన్యాయం! నేను చేసిందేముంది?" అన్నాడు నిజంగానే అదిరిపోయి.

బావమరిది ఆ రోజు అప్పుడే నోరు విప్పాడు. "చివర ఉన్నవాడికే మంచివి దొరుకుతాయి బావగారూ. ఈ ఆట అంతే."

"మరి శుభ్రంగా నడిపినవాడి గతేమిటి?"

"ఇప్పుడు చూద్దురుగాని," అంది అత్తగారు.

రెండో పందెంలో ఆయన ఒక్క తప్పు చెయ్యలేదు. అందరికంటే ముందున్నాడు. గీత ఇంకాస్త దూరం ఉందనగా అత్తగారు వెనకనుంచి నూనె డబ్బా విసిరింది. కారు గిర్రున తిరిగి చెరువులో పడింది. ఆఖరు.

భార్య గరిటెతో సహా గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఇప్పుడాయన లేచి వెళ్లిపోతాడని అందరికీ తెలుసు. కానీ ఆయన పొట్టలోంచి ఏదో వింత చప్పుడు బయల్దేరింది. నవ్వు! పొట్ట పట్టుకుని, కళ్లజోడు తీసి నీళ్లు తుడుచుకుంటూ నవ్వు. కాపురానికొచ్చింది మొదలు ఆ నవ్వు ఎరగని భార్య బిత్తరపోయి చూసింది.

"నేనేం తప్పు చేశానత్తయ్యా?"

"ఏమీ చెయ్యలేదు. దీని సుఖమే అది. పొద్దస్తమానం మన తప్పులూ ఊళ్లోవాళ్ల తప్పులూ మోసి చస్తాం. ఇందులో గెలిస్తే మన గొప్ప, ఓడితే ఆ డబ్బా ఖర్మ. పెద్దయ్యాక ఇంత చవగ్గా ఓడిపోయే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?"

"మళ్లీ పెట్టండి," అన్నాడాయన.

మూడో పరీక్షలో బావమరిది చేతులు వణకలేదు. మలుపులు తిప్పాడు, ఎత్తు మీద ఆపి బండి వెనక్కి జారకుండా కదిలించాడు. పక్కన కూర్చున్న బావ లోలోపల మురిసిపోయాడు. ఇక రివర్సు ఒక్కటే మిగిలింది. వెనక చక్రం కోన్ను తాకింది. అది కాసేపు ఊగి, పడిపోయింది.

భార్య మాట ఆయన చెవుల్లో గింగురుమంది. చూడనట్టు ఊరుకుంటే అడిగేవాడు లేడు. ఆ కోన్ను చూశాడు, మళ్లీ చూశాడు.

"మళ్లీ నేర్చుకుని రా," అన్నాడు.

బావమరిది దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం భార్యకు చెప్పాడు. ఆవిడ తిట్టలేదు, గిన్నెలు విసరలేదు, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. గేటు చప్పుడైంది. బ్రెడ్డు పొట్లంతో బావమరిది!

ఆయన రెండడుగులు ముందుకేశాడు. "నీకు... కోపం లేదూ?"

"మొదటి రెండుసార్లూ వచ్చింది. నన్ను ఓడించడం నీకు సరదా అనుకున్నా," అన్నాడతను చెప్పులు విడుస్తూ. "మొన్న చెరువులో పడి నువ్వు నవ్వుతుంటే చూశాను బావా. ఓడించి సంబరపడేవాడు తాను ఓడితే అలా నవ్వడు. అయినా కోన్ పడింది నిజమే కదా. జరుగు, ఇవాళ నీకు రాకెట్టు ఎలా వస్తుందో నేనూ చూస్తా."

వంటింట్లో భార్య ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. బావా, బావమరిదీ, అత్తగారూ ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. ఈయనకు కళ్లు మసకలు కమ్మి రోడ్డే సరిగా కనపడటం లేదు. బావమరిది కారు ముందుంది. బాతులొచ్చాయి.

ఆ కారు ఆగింది. వెనకే ఈయన కారూ ఆగింది.

"ఇద్దరూ దొందూ దొందే," అంటూ అత్తగారు పక్కనుంచి దూసుకుపోయింది.