మొదటి వాక్యం

కార్ఖానా బస్తీలో మా ఇంటికి సున్నం వేస్తున్నరు. ఆ తడి వాసన తగిలితే చాలు, ఈ వయసులో సుత నా కుడి అరచెయ్యి చురుక్కుమంటది.

సికింద్రాబాద్ బడిలో మా మాస్టర్ సాబ్‌ది ఒకటే పట్టు. ఆవు మీద రాసినా, వాన మీద రాసినా, వ్యాసం 'నిజాం సర్కార్ పదికాలాలు సల్లగుండాలె' అనే షురూ కావాలె. మరిచిపోతే బెత్తం. కాయితానికి మార్జిన్ గీసినట్టు ఏ వ్యాసానికైనా ఆ వాక్యం ఉండాల్సిందే అనుకున్న.

పోలీస్ యాక్షన్‌ల నిజాం రాజ్యం పోయినంక బడి గోడ మీది నిజాం పటం తీసేసి, దాని మచ్చ మీద సున్నం కొట్టిండ్రు. ఆ సున్నం ఆరకముందే వ్యాసాల పోటీ పెట్టిండ్రు. 'మనకొచ్చిన స్వాతంత్ర్యం' మీద రాయాలె. పోటీకి రాసుడు నాకదే మొదలు. గెలవాలని మొదటి వాక్యం ముత్యాల్లెక్క దిద్దిన, ఆయన నేర్పినట్టే.

మాస్టర్ సాబ్ అది చదివి, అందరి ముందట కాయితం చింపిండు.

"గిట్ల రాయమని నీకెవడు చెప్పిండే?"

"మీరే సాబ్."

పిల్లలు పకపక నవ్విండ్రు. వాళ్లు సుత ఏండ్ల పొడుగునా అదే వాక్యం రాసినోళ్లే. ఆయన మొహం కొత్త గోడ లెక్క తెల్లబడ్డది. చెయ్యి చాపమన్నడు.

కొత్త సర్కార్‌కు ఆయన ఎంత భయపడ్డడో పెద్దయినంక సమజైంది. సమజైంది కదా అని మాఫ్ మాత్రం చెయ్యలే. ఆ వాక్యం మరిచినందుకు పడ్డదీ, రాసినందుకు పడ్డదీ ఒకటే బెత్తం.