ఉక్కు తాడు కింద మనిషి

బుర్గాకి కొండ మీద భయపడే అలవాటు లేదు. ఓబర్‌గ్రాట్ ఊరికి బాగా పైన, స్కీ వాలు పక్కన ఆమె చెక్క హోటలు. మంచు తుఫానులో కూడా పొగలు కక్కే సూపు, అందులో రొట్టె ఉండలు వడ్డించిన చెయ్యి ఆమెది. కడుపు నిండకుండా ఎవరినీ కిందికి పంపేది కాదు. ఆ గొప్పే ఒకసారి కొంప ముంచబోయింది.

ఆ సాయంత్రం కాపలావాళ్ళు వాలంతా చూసి, అందరినీ దింపుకుని వెళ్ళిపోయారు. గిస్బెర్ట్ మాత్రం పొయ్యి వెనక బల్ల వదల్లేదు. ఏటా సెలవులకి జర్మనీ నుంచి వచ్చి, చుట్టంలా కలిసిపోయిన మనిషి.

"ఇంకో ఉండ వెయ్యి బుర్గా. కిందికెళ్తే మా ఆవిడ క్యారెట్లు పెడుతుంది."

"తిని అడవి బాటన పో. వాలు మీదికెళ్ళావో, మా ఆయన నిన్ను రెండు ముక్కలు చేస్తాడు."

"విన్సెంజ్‌కి మన మీద అంత అనుమానమా?"

అనుమానం కాదు, ఉక్కు తాడు. మంచు చదును చేసే బండి ఆ నిట్టనిలువు వాలు మీద జారకుండా, విన్సెంజ్ దాన్ని ఆ తాడుతో పైన స్తంభానికి కట్టి నడుపుతాడు. తాడు మంచులో కనబడకుండా పడుంటుంది. బండి మలుపు తిరిగిందంటే చటుక్కున మెడ ఎత్తుకి లేస్తుంది.

గిస్బెర్ట్ తల దీపం గుమ్మం దాటింది. అడవి వైపు కుడికి తిరగాల్సింది, వాలు వైపు ఎడమకి తిరిగింది.

విన్సెంజ్‌ని ఆపమనడానికి బుర్గా వాకీటాకీ అందుకుంది. నొక్కితే గరగర మోత మాత్రమే వచ్చింది. దాన్ని మెడలో తగిలించుకుని, జారుడు చెక్క మీద బోర్లా పడుకుని, దీపం వెంట దూకింది. "గిస్బెర్ట్, కూర్చో, కూర్చో" అని అరుస్తుంటే గాలి ఆ మాటల్ని మళ్ళీ నోట్లోకే కుక్కుతోంది. చీకట్లో ఎక్కడో తాడు ఝుమ్మని బిగిసింది. దీపం ఆరిపోయింది.

ఆమె అలాగే మంచులో పడి ఉండగా వాకీటాకీ పలికింది.

"ఏంటే, సూపు చల్లారిందా?" విన్సెంజ్.

"ఆపు. తాడు లాగకు, వదలకు. కింద మనిషున్నాడు."

బండి మోత ఆగింది.

చేతులు చాచి పాకింది. తాడు తగిలింది, ఇంకా వణుకుతోంది. చేతికి ఏం తగులుతుందోనని బెదురుతూ దాని కింద తడిమింది. ముందు స్కీ, తర్వాత మోకాలు, తర్వాత గడ్డం. తాడు లేవకముందే అదుపు తప్పి పడ్డాడు కాబట్టి తాడు టోపీని, దీపాన్ని మాత్రమే తీసుకెళ్ళింది.

"ఇక్కడ బట్టలారేసే తాడు ఎవరు కట్టారు బుర్గా?" అన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"నోరు మూసుకుని పాకు. తల ఎత్తావో నేనే చంపుతా."

విన్సెంజ్ దీపం పట్టుకుని దిగొచ్చాడు. ఇద్దరినీ చూసి మంచులో కూలబడ్డాడు. ఆ రాత్రి మళ్ళీ బండి ఎక్కలేకపోయాడు.

అప్పట్నుంచీ తాడు కట్టేముందు వాకీటాకీలో అడుగుతాడు, "ఎవరైనా ఉన్నారా?" అని. తుఫానుకి పిట్ట కూడా రాని రోజైనా సరే, బుర్గా వెంటనే జవాబివ్వదు. పొయ్యి వెనక చూసి, కట్టెల కొట్టం చూసి, మరుగుదొడ్ల తలుపులు ఒక్కొక్కటీ తీసి చూసి, అప్పుడు "ఎవరూ లేరు" అంటుంది.