సర్క్యూట్ పటంలో లేని తెల్ల వైరు

ఉద్యోగ విరమణకు పధ్నాలుగు నెలల ముందు, వానలు మొదలైన వారంలో, ఈ పని నా చేతికి వచ్చింది. అప్పుడు నేను గుండ్లపోచంపల్లిలో ఒక వైరింగ్ హార్నెస్ తయారీ యూనిట్‌కు నాణ్యతా విభాగాధిపతిని. వాహనంలో బ్యాటరీ నుంచి దీపాలకు, మీటర్లకు, ఇంజనుకు వెళ్లే వైర్లన్నింటినీ కొలత ప్రకారం కత్తిరించి, కొసలను కనెక్టర్లలో బిగించి, టేపు చుట్టి ఒకే కట్టగా చేస్తే దాన్ని హార్నెస్ అంటారు. కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటుంది కనుక మా లైనులో పనిచేసే ఆడవాళ్లు దాన్ని జడ అనేవారు. నా ముద్ర పడనిదే ఏ జడా గేటు దాటేది కాదు.

నేను భౌతికశాస్త్రం చదువుకున్నాను. ఎవరైనా "బాగుంది" అంటే "ఎంత?" అని, "అందరూ అంటున్నారు" అంటే "ఎవరు?" అని అడగడం నాకు అలవాటు. మేడంకు దేవుడు కనబడినా ఆధార్ కార్డు అడుగుతుందని లైనులో నవ్వుకునేవారని నాకు తెలుసు.

ఆ మాట పుట్టించిందని నేను అనుమానించిన లైన్ లీడర్ బాలమణి ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చింది. లైన్ లీడర్ అంటే సూపర్‌వైజర్‌కు ఒక మెట్టు కింద; పేరుకు చిన్న హోదా, పనికి అసలు హోదా. ఆమెది లాల్‌గడి మలక్‌పేట్. ఆమె అన్న కల్లు గీసేవాడు. చెట్టెక్కే తాడు, మోకు, జారి తాటిచెట్టు మీద నుంచి పడి, నడుము కింద స్పర్శ పోయి, పదకొండేళ్లుగా మంచం మీద ఉన్నాడు. శామీర్‌పేటలోని ఒక మిషన్ క్లినిక్ జీపు వారానికి రెండుసార్లు వచ్చి, పడక వల్ల అతనికి పడిన పుండు కడిగి కట్టు కట్టి వెళ్లేది. ఇప్పుడు ఆ జీపు ఆగిపోయింది.

"లోపలి వైర్లన్ని కాలిపోయినయంట మేడం. గా జడ యాడ దొరుకుత లేదంట. నెల దినాలల్ల బండి నడువకుంటే అమ్మేస్తరంట."

ఎవరన్నారు, కాగితం ఉందా అని అడిగాను. మర్నాడు క్లినిక్ కమిటీ లేఖను ఫోనులో ఫొటో తీసుకొచ్చి చూపించింది. నిజమే. నెలాఖరులోగా వాహనం రోడ్డెక్కకపోతే దాన్ని అమ్మి, డ్రైవరుతో సహా ఒక వ్యాను అద్దెకు తీసుకుంటామని అందులో ఉంది.

"ఇంకేం, వ్యాను వస్తుంది కదా?" అన్నాను.

"వ్యాను అస్తది మేడం. యాదగిరన్న రాడు."

యాదగిరి ఆ జీపు డ్రైవరు. అతనూ ఒకప్పుడు గీత కార్మికుడే, అతనూ చెట్టు మీద నుంచే పడ్డాడు, అతనికీ నడుము కింద స్పర్శ లేదు. ఆ జీపును మిషన్‌వారు పాతికేళ్ల కిందట జపాన్ నుంచి తెప్పించారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది, బురద దారుల కోసం తెచ్చినది. దారులకు తారు పడి చాలా కాలమైంది కానీ, ఆ బండినే ఉంచుకోవడానికి కారణం వేరు: గేర్లు వాటంతట అవే మారతాయి, క్లచ్ లేదు, చేతులతోనే నడపవచ్చు. అందుకని స్టీరింగు పక్కన ఒక లివరు అమర్చి, లాగితే వేగం, నెడితే బ్రేకు వచ్చేలా కడ్డీలతో పెడళ్లకు కలిపారు. యాదగిరి లైసెన్సు ఆ ఏర్పాటుకే చెల్లుతుంది. "డాక్టర్ లేవుమంటే మా అన్న లేవడు. యాదగిరన్న కిటికీల కెల్లి ఒక్క మాటంటే లేచి కూసుంటడు" అని బాలమణి చెప్పింది. ఈ మాటను కొలిచే పరికరం నా దగ్గర లేదు కనుక అప్పటికి పక్కన పెట్టాను.

ఆదివారం చర్చి ఆరాధన ముగిశాక నర్సు కరుణమ్మ క్లినిక్ ఆవరణలో బండి చూపించింది. యాదగిరి చక్రాల కుర్చీలో బానెట్ పక్కనే కూర్చున్నాడు. నేను డాష్‌బోర్డు కింద ఒక వైరు పట్టుకుని వంచితే పైపొర ఎండుపుల్లలా పుటుక్కుమంది. కొన్నిచోట్ల ఎలుకలు కొరికాయి. మరమ్మతుకు లొంగే స్థితి కాదు. జడ మొత్తం మార్చాలి.

వెతుకులాటలో పది రోజులు గడిచాయి. హార్నెస్‌కు కట్టి ఉండే చీటీ మీద ఒక సంఖ్య ఉంటుంది. మోడలు ఒకటే అయినా స్టీరింగు ఎటువైపు, గేర్లు ఏ రకం, ఏ దేశానికి పంపారు అన్నదాన్ని బట్టి ఆ సంఖ్య చివరి అక్షరాలు మారతాయి. తయారీ సంస్థ ఆ భాగాన్ని ఎప్పుడో ఆపేసింది. ఇంటర్నెట్‌లో ఒకాయన నూరు శాతం అసలుదని రాసి పెట్టాడు. చీటీ ఫొటో అడిగితే నాలుగు రోజులు మాట్లాడలేదు. పంపాక చూస్తే అది చేత్తో గేర్లు వేసే బండిది.

కుత్బుల్లాపూర్‌లో పాత బండ్లు విప్పి అమ్మే ఒక పెద్దమనిషి దగ్గర మాత్రం చీటీ అక్షరం అక్షరం కలిసింది. "సేమ్ టు సేమ్ మేడం, జల్దీ తీస్కపోండ్రి" అన్నాడు. నేను ఒక కొసన అంగుళం మేర పైపొర ఒలిచాను. లోపలి రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. అంటే ఆ బండి నీళ్లలో మునిగినది. చిలుము వైరును లోలోపలే తినేస్తూ ఉంటుంది. ఇంకో మూడుచోట్ల ఒలిచాను. పచ్చగానే ఉంది.

"పెండ్లి సంబంధం గూడ గింత గీకి సూడరు మేడం" అన్నాడాయన.

"చూడాలి" అన్నాను.

దాంతో ఆయన కోపం దిగి నవ్వేశాడు, టీ తెప్పించాడు. హార్నెస్ మాత్రం అక్కడే వదిలి వచ్చాను.

ఇక మిగిలింది కొత్తది తయారు చేయడమే. ఒక్కదాని కోసం లైను పెట్టడం మా యూనిట్‌లో లేని పని. నమూనా పని పేరుతో, వారాంతపు సెలవుల్లో, మిగిలిపోయిన వైర్లతో చేసుకోవడానికి యజమాని ఒప్పుకున్నారు. మెకానిక్ విప్పి ఇచ్చిన పాత జడను ప్లైవుడ్ పలక మీద దాని అసలు ఆకారంలో పరిచి, ప్రతి మలుపు దగ్గరా మేకు కొట్టాం. ఆ మేకుల మధ్య కొత్త వైర్లు పరుచుకుంటూ పోతే అదే ఆకారం వస్తుంది. అంతకు ముందు హాజరు తీసుకోవాలి. అది మా లైను పద్ధతి. ఒక కొసన ఒకరు వైరు రంగు పేరు పెట్టి పిలుస్తారు, రెండో కొసన ఉన్నవారు మీటరు ముల్లు ఆనిస్తారు, బీప్ వినబడితే "ఉన్న" అని పలుకుతారు. ఏ వైరు ఎక్కడికి వెళ్లాలో తయారీ సంస్థ గీసిన సర్క్యూట్ పటం చేతిలో పెట్టుకుని నేను టిక్కు కొడతాను.

అన్ని వైర్లూ పలికాక ఒకటి మిగిలింది. సన్నని తెల్ల వైరు. పటంలో లేదు. ఎర్ర చారల వైరు మధ్యలో ఒలిచి, దానికి మెలిపెట్టి కట్టి, పైన టేపు బదులు ఆసుపత్రి ప్లాస్టర్ చుట్టారు. రెండో కొస స్టీరింగు కిందకు వచ్చి తెగి ఉంది. ఇలాంటి అతుకుల వల్లనే బండ్లు తగలబడతాయి. కరుణమ్మకు ఫోను చేసి, వెనక వైద్య సామగ్రికి కరెంటు తీసుకున్నారా అని అడిగాను. లేదంది. పరిశీలన పూర్తయిందని భావించి, లోపాలు నమోదు చేసే ఎర్ర చీటీ మీద రాశాను: అనధికార జోడింపు, తొలగించవలెను.

"తీసేస్తరా మేడం?" బాలమణి ఆ ముడిని వేళ్లతో తడిమింది. "ఎవలో సోకుగ కట్టిండ్రు. ఊకెనే కట్టినట్టు లేదు."

"పటంలో లేదు" అన్నాను.

తొలగించిన భాగాన్ని సంచిలో వేసి, పని వివరాలుండే జాబ్ కార్డుకు కట్టాలన్న నియమం ప్రకారం ఆమె ఆ తెల్ల వైరును ప్లాస్టర్‌తో సహా సంచిలో వేసింది.

నెలాఖరుకు నాలుగు రోజుల ముందు కొత్త జడ బండిలో అమరింది. ప్రతి దీపం దగ్గరా వోల్టేజీ కొలిచాను. ఇంజను మొదటి తాళానికే అందుకుంది. యాదగిరి చేతుల బలంతో సీటులోకి ఎక్కి, కరీంనగర్ రోడ్డు దాకా వెళ్లి తిరిగొచ్చి, తాళం తీసి కరుణమ్మ చేతిలో పెట్టాడు.

"బండి మంచిగైంది సిస్టరమ్మా. ఇగ నాతోని కాదు. ఇంకొకల్లను పెట్టుకోండ్రి."

"ఏంది యాదగిరీ! నెల దినాలు బండి బండి అని నా పానం తోడినవ్. గిప్పుడు నాతోని కాదంటవా?"

నేను నా కొలతల పట్టిక తీసి, ఎక్కడా లోపం లేదని అతనికి వినిపించాను. అతను ఓపికగా విన్నాడు. "మీదేం తప్పు లేదు మేడం" అన్నాడు.

అతన్ని కుర్చీలోకి దింపేటప్పుడు పాదాలను పాదపీటల మీద సర్దింది బాలమణి. ఇంట్లో అన్నకు చేసే పని కనుక ఆమెకు అలవాటే. సర్దుతూ ఆగిపోయింది. అతని రెండు బూట్ల ముందు భాగాన అడ్డంగా తెల్లటి ప్లాస్టర్ ముక్కలు అంటించి ఉన్నాయి. వెంట తెచ్చిన జాబ్ కార్డు సంచి విప్పి, తెల్ల వైరు మీది ప్లాస్టర్‌ను వాటి పక్కన పెట్టి నా వైపు చూసింది.

"ఒక్కటే మేడం."

కరుణమ్మ వంగి చూసింది. "నా ప్లాస్టర్ రోల్స్! కాంపౌండర్ను ఎన్ని మాటలన్ననో!"

అప్పుడు చెప్పాడు యాదగిరి. పోయిన వానాకాలంలో ఒక మూల మలుపులో లివరు నెడితే బ్రేకు పడలేదు. చేతి బ్రేకు గుంజి ఆపుకున్నాడు. చూస్తే, గుంతల్లో కుదుపుకు పాదం జారి బ్రేకు పెడల్ కిందకు పోయి ఉంది. "కాలు యాడున్నదో నాకు తెల్వది మేడం. సూస్తెనే తెలుస్తది. గాడ పట్టపగలు గూడ సీకటి." అందుకని ఎవరికీ చెప్పకుండా స్టీరింగు కింద చిన్న బల్బు పెట్టుకున్నాడు, బూట్ల మీద తెల్ల గుర్తులు పెట్టుకున్నాడు. పాత జడ విప్పిన మెకానిక్ ఆ బల్బును చెత్త అనుకుని తీసేశాడు.

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"కాళ్లు తెల్వనోనికి బండి ఎందుకిస్తరు? గుంజుకుంటరు. అట్లని లైటు లేకుండ నడుపుదునా? బండ్లె సిస్టరమ్మ ఉంటది."

నేను నమ్మే ముందు పరీక్షించాను. అతని బూటు అంత మందం చెక్కముక్కను పెడల్ కింద పెట్టి లివరు నెట్టాను. లివరు నాలుగో వంతు కూడా కదలలేదు. చెక్క తీసి నెట్టాను, చివరిదాకా వెళ్లింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. నా ముద్ర వేసిన హార్నెస్‌తో, ఒక్క లోపం లేదని రాసిన పట్టికతో, ఆ బండిని నేను రోడ్డు మీదకు పంపాను. దాన్ని ఆపినది నా పరీక్ష కాదు, యాదగిరి.

క్లినిక్ డాక్టరును అడిగితే ఆయన ఫైలు తెరిచి చూపించారు. స్పర్శ లేదన్న సంగతి మొదటి పేజీలోనే ఉంది. ఉద్యోగం ఇచ్చినప్పుడే కమిటీ దాని మీద సంతకం పెట్టింది. ఏడాదిగా యాదగిరి దాచిన రహస్యం అతనొక్కడికే రహస్యం. ఆ పేజీ తెచ్చి అతనికి చదివి వినిపించాను. రెండోసారి కూడా చదవమన్నాడు. చదివాను.

పాదం లోపలికి జారకుండా పెడళ్ల వెనుక ఒక ఉక్కు రేకు బిగిస్తే సరిపోతుందని, అప్పుడు దీపం అవసరం ఉండదని సూచించాను.

"రేకు పెట్టుండ్రి మేడం. లైటు గూడ ఉండనియ్యుండ్రి." తర్వాత మెల్లగా అన్నాడు: "నా కాళ్లు నాకు కనవడాలె గద."

ఈసారి ఎందుకని అడగలేదు.

పలక మీద ఇంకో మేకు కొట్టాం. తెల్ల వైరుకు విడిగా ఒక చిన్న ఫ్యూజు, సరైన కనెక్టరు పెట్టాం, అతుకు లేదు. సర్క్యూట్ పటంలో దాన్ని నా చేత్తో గీసి పక్కన సంతకం చేశాను. బిగించిన రోజు బాలమణి బానెట్ దగ్గర నిలబడి హాజరు పిలిచింది. "తెల్ల వైరు!" స్టీరింగు కింద బల్బు వెలిగింది. సీటులో కూర్చున్న యాదగిరి కిందకు, తన బూట్ల వైపు చూసుకుని, "ఉన్న" అన్నాడు.

నెలాఖరుకు ఒక రోజు ముందు జీపు లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లింది. బాలమణి అన్న కిటికీ దగ్గర లేచి కూర్చున్నాడని కరుణమ్మ చెప్పగా విన్నాను. నేను స్వయంగా చూడలేదు.

ఆ నెల మా ఎర్ర చీటీ నమూనాను మార్పించాను. "తొలగించవలెను" అన్న గడికి పైన మరో గడి చేర్చాం: ఈ వాహనాన్ని రోజూ నడిపే వ్యక్తిని అడిగారా? ఏమన్నారు? అది నింపకుండా కింది గడిలో రాయకూడదు. సర్క్యూట్ పటం తయారీదారు ఏం పెట్టాడో చెబుతుంది. తర్వాత వాడినవారికి ఏం అవసరమైందో చెప్పదు. పదిమంది మాటను పరీక్షించిన నేను, "అక్కర్లేదు" అన్న నా మాటను పరీక్షించలేదు. మొదటి రోజే బానెట్ పక్కన కూర్చుని కనబడిన మనిషిని అడగకుండా వేరొకరికి ఫోను చేశాను. మిగిలిన పదమూడు నెలల ఉద్యోగంలో ఆ కొత్త గడిని ఒక్కసారి కూడా ఖాళీగా వదలలేదు.