నాలుగుసార్లు వచ్చిన లాప్‌టాప్

2022 వానాకాలం. భద్రాచలంలో లాప్‌టాప్ రిపేర్ షాపు పెట్టి అప్పటికి ఆరేళ్లు. పాత లాప్‌టాప్‌లకు లినక్స్ వేసి ప్రాణం పోయడం నా పని. అవసరమైతే కెర్నెల్ డ్రైవర్‌ను, అంటే కంప్యూటర్‌కూ దాని భాగాలకూ మధ్య మాట మోసే ప్రోగ్రామ్‌ను కూడా సరిచేయగలనని కొంచెం పొగరు ఉండేది.

ముత్తయ్య సార్ అడవి లోపలి ఊళ్లో బడి పంతులు. ఇంట్లో కోయ మాట్లాడతారు. ముసలితల్లి నోట ఉన్న కోయ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో టైపు చేసి, అర్థాలు రాస్తుండేవారు. "అమ్మ ఉండంగనే ఒడవాలె తమ్మీ" అని, పని పూర్తిచేయాలని తొందరపడేవారు.

ఆ వానాకాలంలో తన లాప్‌టాప్ నా దగ్గరికి తెచ్చారు. మొదటిసారి తప్పు దానిదే. బ్రైట్‌నెస్ కీ ఎంత నొక్కినా తెర వెలుగు పెరగలేదు. అప్‌డేట్ తర్వాత రెండు డ్రైవర్లు ఆ పని తమదేనని కూర్చున్నాయి. మనం కీ నొక్కితే, అది పని చేయని డ్రైవర్‌కే చెబుతోంది. దాన్ని ఆపేశాను. తెర వెలిగింది.

నెల తిరక్కుండానే వచ్చారు. "తమ్మీ, మళ్ల మసకైంది." కెర్నెల్‌లో రెండు అంకెలు కనిపిస్తాయి: మనం అడిగిన వెలుగు, తెరకు నిజంగా అందుతున్న వెలుగు. రెండూ సరిపోయాయి. అయినా డ్రైవర్‌లో వెలుగు మెట్లు మార్చి పంపాను. మూడోసారి వస్తే అన్నిటికన్నా తక్కువ మెట్టును కూడా పైకి జరిపాను. ఆయన బస్సెక్కాక, "సార్‌కు చాదస్తం" అని నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది.

నాలుగోసారి వచ్చేసరికి చలికాలం అయిపోవస్తోంది. విసుగొచ్చి నా కొత్త లాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టాను. "ఇప్పుడు చెప్పండి సార్, ఏది మసక?"

ఆయన రెండు తెరలకూ ముఖం ఆనించినట్టు వంగి చూశారు.

"నీది గూడ గిట్లనే ఉన్నది గదా తమ్మీ. ఏంది, దీనికి గూడ అదే రోగమా?"

నా తెలివి తెల్లారినట్టే ఉంది. షట్టర్ దించి, ఆయన్ను ఖమ్మంలో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. నీటికాసులు, అంటే గ్లాకోమా. కంటి నరం చాలావరకు ఎండిపోయిందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరమ్మ చెప్పారు. వానాకాలంలోనే వచ్చి ఉంటే ఇంకొంత మిగిలేదట.

"ఇన్నాళ్లు ఏం చేశారండీ?" అని అడిగారు.

సార్ నా పేరు ఎత్తలేదు. "లాప్‌టాప్ ఖరాబైందనుకున్న మేడం" అన్నారు.

రెండేళ్లకు, మిగిలిన ఆ కాస్త చూపు కూడా పోయింది. ఇప్పుడు ఆదివారాలు వాళ్లింటికి వెళ్తాను. తల్లి చెబుతుంది, సార్ అర్థం చెబుతారు, నేను టైపు చేస్తాను. కోయ నాకు రాదు. ఒక్కో మాట మూడేసిసార్లు అడుగుతాను. ఈ లెక్కన ఆ తల్లి ఉండగా పని పూర్తి కాదని ముగ్గురికీ తెలుసు.

మొన్న ఆదివారం టైపు చేస్తూ, "ఈ తెర కొంచెం మసకగా ఉంది సార్" అన్నాను.

ఆయన చేత్తో తడుముకుంటూ నా భుజం పట్టుకున్నారు.

"ముందుగాల కండ్లు చూపిచ్చుకో తమ్మీ. తెర సంగతి తర్వాత."