రాధమ్మ రాసిన ‘బోర్ల’

సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్య అట్టలు కొట్టే దుకాణం ఒకటుంది. చీర అంచున నెమలి రావాలన్నా, తువ్వాల కొసన పేరు రావాలన్నా, ఆ బొమ్మ ముందు ఇక్కడ అట్టల మీద రంధ్రాలుగా మారాలి. ఏ దారం లేవాలో, ఏది ఊరుకోవాలో మగ్గానికి చెప్పేవి ఆ అట్టలే. రాధమ్మ అక్కడ ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తోంది.

కథలాపూర్‌లో కూలివాళ్ల ఇంట పుట్టి, పదో తరగతి దాకా చదివి, మగ్గం నడిపే భర్త వెంట సిరిసిల్ల వచ్చింది. మొదట్లో సుత్తితో రంధ్రాలు కొట్టేది. తర్వాత దుకాణానికి కంప్యూటర్ వచ్చింది గానీ, దాన్ని నడపడానికి పెట్టుకున్న మనిషి నాలుగు నెలలకే మానేశాడు. అట్టల చాటున మూలపడ్డ ఆ యంత్రం వైపు రాధమ్మ కన్ను పోతూనే ఉండేది. జగిత్యాల బస్టాండ్ దగ్గర పాత పుస్తకాల్లో ప్రోగ్రాం రాయడం నేర్పే ఇంగ్లీషు పుస్తకం కొన్నది. మొదటి పది పేజీలు లేవు. పక్కన డిక్షనరీ పెట్టుకుని, పదకొండో పేజీ నుంచే మొదలుపెట్టింది.

ఏడాదిన్నరకు, చుక్కలతో గీసిన బొమ్మను రంధ్రాల పట్టీగా మార్చే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసింది. దానికి ‘బోర్ల’ అని పేరు పెట్టింది. ఆ పేరుకు కారణం ఆమె చేసిన తప్పే. చేత్తో అట్టలు కొట్టే రోజుల్లో ఒక పెళ్లికొడుకు పేరును ఉన్నదున్నట్టు కొడితే, తువ్వాలల మీద అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చాయి. మగ్గం నడిపే రాజయ్య కడుపు పట్టుకుని నవ్వి అసలు సంగతి చెప్పాడు.

“మగ్గం మీద బట్ట బోర్ల పండుకుంటది బిడ్డా. నువ్వు సక్కగ రాస్తే అది ఎనుకకు సదువుతది.”

అందుకే ఆమె ప్రోగ్రాం తెరవగానే ఇంగ్లీషు అక్షరాల్లో ముందు ఒకటే అడుగుతుంది: ‘బట్ట బోర్లనా?’ అవునంటే బొమ్మను తిప్పేస్తుంది. కాదన్న మనిషిని రాధమ్మ ఇంతవరకు చూడలేదు.

ఈ ఏడు దుకాణం యజమాని కరుణాకర్ కొత్త కంప్యూటర్ కొన్నాడు. దాన్ని బిగించడానికి కోరుట్ల నుంచి సంపత్ వచ్చాడు. రాధమ్మ ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి బోర్లను నొక్కితే, నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని, ఈ ప్రోగ్రాం ఈ మిషన్ మీద నడవదని చెప్పి ఊరుకుంది. పాత కాలపు ప్రోగ్రాంలను కొత్త విండోస్ తీసుకోదని సంపత్ ఓపిగ్గానే వివరించాడు.

“గిది ఎక్స్‌పైర్ అయిందక్కా, మందు గోలీల లెక్క.”

అందరూ నవ్వారు. రాధమ్మ నవ్వలేదు.

“నిన్న పొద్దుగాల గూడ పని చేసింది తమ్మీ. దీనికేం కాలె. నీ మిషన్‌కే పాత మాట ఇనవడ్తలేదు.”

కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నానని, పాత కంప్యూటర్ పెట్టెను సోమవారం పాత ఇనుప సామాను వాడికి వేసేస్తానని కరుణాకర్ చెప్పాడు. ఆ పెట్టెలో రాధమ్మ గీసిన బొమ్మలు నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. వాటిని బోర్ల తప్ప ఇంకేదీ చదవలేదు. బోర్ల పోతే ఆమె ఇన్నేళ్ల పనీ పోయినట్టే.

“సోమారం దాక ఆగు సేటూ,” అంది. “నువ్వు ఆగకున్నా నేను ఆపుత.”

మూడు రోజులు మధ్యాహ్నం అన్నం గిన్నె పక్కన ఫోన్ పెట్టుకుని వెతికింది. తప్పుల ఇంగ్లీషులోనే ఇంటర్నెట్‌లో అడిగింది. చివరికి, కొత్త మిషన్ లోపల పాత మిషన్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరికింది. శనివారం ఆ కొత్త తెర మీద అరచేయంత కిటికీలో అక్షరాలు వెలిగాయి: ‘బట్ట బోర్లనా?’ పాత పెట్టెలోని బొమ్మలన్నీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించి, పది పన్నెండు తెరిచి చూసుకుని, ఎవరికీ చెప్పకుండా మూసేసింది.

అదే రోజు వేములవాడ దుకాణం వాళ్ల తువ్వాలల కోసం సంపత్ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ‘రాజన్న’ అని కొట్టి అట్టలు తీశాడు. బోర్ల వేశావా అని రాధమ్మ అడిగింది. ఆమె ఇంకా తన ప్రోగ్రాం గురించే పట్టుబడుతోందనుకుని అతడు నవ్వి ఊరుకున్నాడు. కరుణాకర్ ఆమెను తన పని చూసుకొమ్మన్నాడు.

సోమవారం పొద్దున మగ్గం మీది నుంచి మొదటి తువ్వాల కోసి తిప్పి చూశారు. ‘రాజన్న’ తిరగబడి ఉంది. అప్పటి పెళ్లికొడుకు తువ్వాల గుర్తొచ్చి రాధమ్మకు నవ్వు రాలేదు. కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని బోర్లను తెరిచింది. పన్నెండేళ్ల కింద అదే దుకాణానికి గీసిన ‘రాజన్న’ బొమ్మను పిలిచి, అవునని నొక్కింది. మధ్యాహ్నానికల్లా మగ్గం నెత్తిన కొత్త అట్టలు ఎక్కాయి. ఈసారి పేరు సరిగా పడింది.

తర్వాత సంపత్‌ను పిలిచి, కొత్త సాఫ్ట్‌వేర్‌లో మూడో మెనూ కింద దాగి ఉన్న, బొమ్మను తిప్పే మీట చూపించింది.

“దీంట్ల గూడ ఉన్నది తమ్మీ. గాని గిది అడుగుతలేదు, గంతే.”

సాయంత్రం పాత సామాను బండి వచ్చింది. కరుణాకర్ ఆమె వైపు చూశాడు.

“పెట్టెను తీస్కపోనియ్యి,” అంది రాధమ్మ. “బోర్ల మాత్రం ఉంటది.”

“ఇంకెన్నేండ్లక్కా?” అన్నాడు సంపత్.

“గీ ఊర్లె బట్ట బోర్ల పండుకున్నన్ని రోజులు.”